మెడ నొప్పికి ముందుగాల కాళ్లు చూసుకోండి

పోయిన వారం మన క్యాంపు మెస్సులో చెప్పిన మాటలివి. నైట్ డ్యూటీ ఉండి రానోళ్లు అడిగితే రాసి పెడుతున్నా. నేను డాక్టర్ను కాదు, పదో తరగతి చదివి సైటు పట్టినోణ్ణి. కానీ మనుషులు ఎట్ల నిలబడి పని చేస్తున్నరో చూసుడే నాకు రోజూ పని.

మెడ పట్టేసింది, భుజాలు గుంజుతున్నయి అని రాత్రి బామ్ రాసుకుంటరు. పొద్దున మళ్లీ అదే పనికి అట్లనే నిలబడతరు. బామ్ మాత్రం ఏం చేస్తది? నొప్పి మెడల ఉంటది గానీ చాలాసార్లు దాని మొదలు కాళ్ల కాడ ఉంటది.

సీలింగు పని చూడండి. జిప్సం బోర్డుకు స్క్రూలు కొట్టేటోళ్లు, పైన డ్రిల్లు పెట్టేటోళ్లు, పెయింటర్లు. ప్లాట్‌ఫాం జానెడు తక్కువైతది. అప్పుడు రెండు కాళ్లు దగ్గర పెట్టి మునివేళ్ల మీద లేస్తరు. మోకాళ్లు బిగుసుకుంటయి, నడుము ముందుకొస్తది, తల వెనక్కి వాలుతది. మనిషి తల నాలుగైదు కిలోలుంటది. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువు తెలువదు. వాలిందా, మెడ కండరాలే దాన్ని పొద్దంతా పట్టుకోవాలె. పైగా కాళ్లకు పట్టు లేకుంటే, పడిపోతమన్న భయానికి భుజాలు చెవుల దాక లేస్తయి. మనకు తెలువకుండనే లేస్తయి.

కాళ్లు భుజాలంత ఎడం పెట్టండి, ఒక పాదం కొంచెం ముందుకు. మడమలు కింద ఆనాలె, మోకాళ్లు వదులుగా ఉండాలె. చేసే పని నడినెత్తి మీద కాకుండా కొంచెం ముందుకు ఉండేటట్టు వెనక్కి జరగండి. పక్కకు పని ఉంటే మెడ తిప్పొద్దు, పాదాలే తిప్పండి. అప్పుడప్పుడు ముందు పాదం మార్చండి. ప్లాట్‌ఫాం అందకపోతే స్కాఫోల్డింగోళ్లతోని ఎత్తు పెంచిపించండి. బ్లాకులు, బకెట్లు వేసుకొని ఎక్కుడు వద్దు. ఫోర్‌మన్ తిడతడని ఊకోకండి, ఆ టైము పనిలోదే, మీ జేబులది కాదు.

స్లాబు మీద స్టీలు కట్టేటోళ్లది ఇంకో తీరు. కాళ్లు నిటారుగా పెట్టి నడుము వంచి, తల వేలాడేసి గంటలకొద్ది కడతరు. ప్లైవుడ్ ముక్క వేసుకొని ఒక మోకాలు ఆనించండి. దూరం చాపకుండా దగ్గరికి జరుగుకుంట కట్టండి.

షూ సంగతి. సైజు పెద్దదిచ్చినా నోరు మూసుకొని తీసుకుంటరు, లేసులు కట్టకుండ చెప్పుల లెక్క ఈడ్చుకుంట నడుస్తరు. పాదం లోపల జారుతుంటే నిలకడ ఎక్కడిది? మడమ ఒకదిక్కు అరిగినా స్టోరుకు పోయి మార్పించుకోండి.

ఇక ఇంటోళ్లతోని వీడియో కాలు. బంకు మీద పండి, మెడ గోడకు మడిచి గంటసేపు మాట్లాడుడు! మాట్లాడండి, కానీ కూసొని, ఫోను కళ్ల ఎత్తుకు పట్టుకోండి.

నొప్పి గోళీలు రోజూ మింగేటోళ్లు మనల బాగా మంది ఉన్నరు. ఎండల చెమట పోసి, నీళ్లు సరిగ తాగక అవి మింగితే కిడ్నీలకు దెబ్బ. చెయ్యి తిమ్మిరెక్కినా, పట్టు తప్పి పనిముట్టు జారుతున్నా క్లినిక్‌కు పోవాలె.

ఒకటి మాత్రం నిలబడే తీరుతోని పోయేది కాదు. ఛాతి బరువెక్కి, నొప్పి ఎడమ భుజానికో దవడకో పాకి, చల్లటి చెమటలు పడితే అది గుండె కావచ్చు. బామ్ రాయకండి, తెల్లారనీ అనకండి. యూఏఈల అంబులెన్సు నంబరు 998. పక్క బంకోణ్ణి లేపి వెంటనే ఫోను చేయించండి.