తప్పును నిలిపి చూచు విద్య



కాళేశ్వరమున గోదావరియు, ప్రాణహితయు కంటికి కానవచ్చును. సరస్వతి మాత్రము అంతర్వాహిని యని పెద్దలు చెప్పుదురు. 2025 మే నెలలో ఆ కానరాని నదికే యిచ్చట పుష్కరములు జరిగినవి. కంప్యూటరులో నడచు ప్రోగ్రామును అట్టిదే. ఫలితము పైకి తెలియును గాని లోపలి నడక కానరాదు. ఆ నడకను నిలిపి చూపు సాధనమునకు డీబగ్గరు అని పేరు.

మా ప్రాంతపు విద్యార్థి యొకడు అభ్యాసార్థమై చిన్న డీబగ్గరును స్వయముగా రచించినాడు. అందు బొమ్మలు లేవు. నల్లని తెరపై ఆజ్ఞలను అక్షరములలో వ్రాసి యిచ్చుటయే. 12 ధాన్యపు బస్తాల తూకమును కూడవలసిన ప్రోగ్రామొకటి యెప్పుడును తక్కువ మొత్తమునే చెప్పుచుండెను. బస్తా యొక్కటి లెక్కకు రాకున్న రైతునకెంత నష్టమో మీరెఱుగుదురు. అతడు దానిని నా యెదుట పరీక్షించి చూపినాడు.

దాని రీతి యిది. లినక్సు వ్యవస్థలో పీట్రేసు అను సదుపాయము కలదు. అది 1975 నాటి యూనిక్సు ఆఱవ కూర్పునందే యుండెను. దాని మూలమున నొక ప్రోగ్రాము మఱియొక దానిని నిలిపి చూడగలదు. బైటు అనగా కంప్యూటరు స్మృతిలో నొక చిన్న గడి. నిలుపదలచిన చోటనున్న బైటును డీబగ్గరు భద్రపఱచి, దాని స్థానమున 204 అను సంఖ్య నుంచును. ఇంటెల్ జాతి ప్రాసెసర్లకు అది 'ఆగుము' అను సంజ్ఞ. ప్రోగ్రాము అచ్చటికి వచ్చి యాగును. అప్పుడు లోపలి విలువలను చదువవచ్చును. పిదప పాత బైటును యథాస్థానమున నుంచి, నడకను చూపు గుర్తును ఒక బైటు వెనుకకు జరిపి, ఒక్క యడుగు నడిపించి, మరల 204ను నిలుపవలెను. పాత బైటును మఱచినచో ప్రోగ్రామే చెడును. పరీక్షింప వచ్చినవాడు పరీక్ష్యవస్తువును చెఱుపరాదు గదా!

కూడిక జరుగుచోట నిలిపి చూడగా, లెక్క 1, 2, 3 అనుచు 11 వఱకు వచ్చి ముగిసినది. '12 వఱకు' అని యుండవలసిన చోట '12 కంటె తక్కువ' అని యుండెను. ఊహించి నాలుగుచోట్ల దిద్దినచో క్రొత్త తప్పులు పుట్టియుండును. వ్యాకరణమున రూపసిద్ధి తప్పినపుడు మేమును సూత్రము వెంట సూత్రమును నిలిపియే శిష్యుని ప్రశ్నింతుము.

1986లో వెలువడిన జీడీబీ వంటి సిద్ధసాధనములుండగా ఈ శ్రమ యేల యని కొందఱడుగుదురు. సాధనమును వాడినవానికి తప్పు దొరకును. నిర్మించినవానికి యంత్రపు నడకయే తెలియును. కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రమును నిర్మించిన మారిస్ విల్క్సు పండితుడు సైతము, తన శేషజీవితమున చాలభాగము స్వీయ ప్రోగ్రాములలోని తప్పులను వెదకుటకే చెల్లునని 1949లో గ్రహించెను.

కావున మీ యింటి బాలుడు నల్లని తెర ముందు గంటలకొలది కూర్చున్నచో కోపింపకుడు. 'ఎచ్చట నిలిపితివి? అచ్చట ఏమి కానవచ్చెను?' అని యడుగుడు. అతడు చెప్పగలిగినచో, వాని చదువు సరియైన త్రోవనే నడచుచున్నదని నమ్ముడు.