లఘుచిత్రమున వెలుగునీడలు

చలనచిత్రమునకు దీపములు పెట్టుట వస్తువు కనిపించుటకు మాత్రమే కాదు. ఏది కనిపింపవలెనో, ఏది నీడలో నిలువవలెనో నిర్ణయించుటకు కూడ. 1957లో వెలువడిన ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్‌లే చూపిన వెన్నెలను తెలుగువారు నేటికిని తలచుకొందురు. అది ఛాయాగ్రాహకుని కల్పనయే.

నేడు పెందుర్తిలో నలుగురు యువకులు చరవాణితో లఘుచిత్రము తీయ సంకల్పించినచో, వారికి స్టూడియో దీపములు దొరకవు. సూర్యుడే వారి పెద్దదీపము. వేసవి మధ్యాహ్నమున ఎండ నడినెత్తిన పడి కనుగుంటలను నల్లబరచును. కావున అరకు రోడ్డు ప్రక్కన తీయు దృశ్యమునకు ఉదయ సాయంకాలములు మేలు. మధ్యాహ్నము తప్పనిచో నటుని చెట్టునీడకు తెచ్చి, ధర్మాకోల్ పలకతో వెలుగును ముఖముపైకి మరలింపవలెను.

ఇంటిలోపల కిటికీ వెలుగు నీలివన్నెది, పాతరకపు బల్బు వెలుగు పసుపువన్నెది. రెండును పడిన ముఖము రెండు రంగులుగా తోచును. ఒకదానిని తొలగించుట మంచిది. చిన్నదీపమును రెండింతల దూరము జరిపినచో కాంతి నాల్గవ వంతునకు తగ్గును.

ఒక్క సంగతి మరువరాదని మా మనవి. సున్నపు గోడ ముందు చామనచాయ మనిషిని నిలిపినచో, కెమెరా ఆ తెల్లదనమునకు లొంగి ముఖమును చీకటి చేయును. అంతట కొందరు పౌడరు పూసి, దీపములు హెచ్చించి, ముఖమును తెల్లబరతురు. అది అన్యాయము. కాంతిని ముఖము మీదనే కొలిచి, ప్రక్కనుండి మెత్తని వెలుగు నిచ్చి, గోడను నీడలో ఉంచినచో ఆ చర్మము తన నిగ్గుతోనే మెరయును. మన ఊరివారు మన చిత్రములో తమ రంగుననే కనిపింపవలెను. లేనిచో అది పెందుర్తి కథ యని చెప్పుకొనుట దేనికి?