హట్టూసా మట్టిపలకలు

తుర్కీదేశమున అంకారాకు తూర్పుగా బొగాజ్‌కలె యను చిన్న పట్టణము గలదు. దాని చెంతనే హిట్టైటు రాజుల రాజధానియగు హట్టూసా శిథిలములున్నవి. అందలి సింహద్వారమును, సమీపమున యజిలికయాలో శిలలపై చెక్కిన దేవతామూర్తుల బారులును చూడదగినవి.

క్రీ. పూ. 1200 ప్రాంతమున నగరము పాడుపడెను. 1906లో త్రవ్వకము లారంభింపగా అక్షరములు గల మట్టిపలకలు వేలకొలది బయల్పడెను. హిట్టైటు రాజు సుప్పిలులియుమకును, మితన్ని రాజు షత్తివాజకును క్రీ. పూ. 14వ శతాబ్దిలో జరిగిన సంధి వానిలో నున్నది. అందు సాక్షులైన దేవతలలో మిత్రుడు, వరుణుడు, ఇంద్రుడు, నాసత్యులనబడు అశ్వినులు నున్నారు! వేదాధ్యయనము చేసిన నాకు అంత దూరమున ఈ పేర్లు వినబడుట పరమాశ్చర్యము.

కోట కూలినను వ్రాత నిలిచినది. మీ యూరి గుడిలో అక్షరములు గల రాయి యున్నచో, దానిపై సున్నము పూయనీయకుడు.