జపమాలలో యేసయ్య జీవితాన్ని ధ్యానించడం ఎలా?

  ఈ రోజు మనం జపమాల గురించి మాట్లాడుకుందాం. మీ దగ్గర జపమాల ఉంటే చేతిలోకి తీసుకోండి. లేకపోతే పది వేళ్ళు ఉన్నాయి కదా, అవి చాలు.

మా వింజమూరు వైపు, అంటే ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ఊళ్ళల్లో, మన కథోలికులం కొద్దిమందిమే. నెల్లూరులో బాప్తిస్టు మిషనరీలు 1840లోనే పని మొదలుపెట్టారు. మన నెల్లూరు మేత్రాసనం ఏర్పడింది 1928లో. కాబట్టి మన స్నేహితుల్లో, చుట్టాల్లో వేరే సంఘాలకు వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. హాస్టల్లో మన చేతిలో జపమాల చూస్తే వాళ్ళు అడుగుతారు. "ఏందబ్బా, ఒకే మాట యాభై సార్లు చెప్తారు? యేసయ్యను వదిలేసి మరియమ్మను పట్టుకున్నారా?" అని. మనకి జవాబు తెలియక జపమాలను తీసి బ్యాగు అడుగున పెట్టేస్తాం. ఈ రోజు ఆ జవాబు చూద్దాం. వాళ్ళతో వాదించడానికి కాదు, మనం బాగా ప్రార్థించడానికి.

మొదట మంగళవార్త జపం ఎక్కడిదో చూడండి. లూకా సువార్త మొదటి అధ్యాయం తెరవండి. 28వ వచనంలో గబ్రియేలు దూత మరియమ్మకు చెప్పిన వందనం ఉంది. 42వ వచనంలో ఎలిజబెతమ్మ పలికిన దీవెన ఉంది. ఈ రెండూ కలిపి మనం చెప్తాం. ఆ తర్వాత వచ్చే పేరు యేసు. జపం మొత్తానికి నడుమ నిలబడేది ఆ పేరే. తర్వాత మన కోసం ప్రార్థించమని ఆ తల్లిని అడుగుతాం. అంతే.

మరి ఒకే మాట మళ్ళీ మళ్ళీ ఎందుకు? మత్తయి 6:7లో ప్రభువు వద్దన్నది వట్టి మాటల్ని, మాటలు ఎక్కువైతే దేవుడు వింటాడనే ఆలోచనని. అదే మత్తయి సువార్తలో 26:44 చూడండి. గెత్సేమనిలో యేసయ్య మూడోసారి వెళ్ళి అవే మాటలతో ప్రార్థించాడని రాసి ఉంది. గుండె బరువెక్కినప్పుడు మనిషికి కొత్త మాటలు రావు. ఉన్న మాటే మళ్ళీ వస్తుంది.

మన ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసేవాళ్ళను చూశారా? చెయ్యి ఒకే పని పదే పదే చేస్తుంది. కన్ను మాత్రం చెక్కలో నుంచి బయటికొస్తున్న ఆకారం మీద ఉంటుంది. జపమాల కూడా అంతే. పెదవులు మంగళవార్త చెప్తుంటే మనసు యేసయ్య జీవితంలో ఒక ఘట్టాన్ని చూస్తుండాలి. ఆ చూడటం లేకపోతే జపమాల ఆత్మ లేని శరీరమే. 1974లో ఆరవ పౌలు పాపు గారు కూడా ఇదే అర్థంలో రాశారు.

ఆ ఘట్టాలనే మనం దేవరహస్యాలు అంటాం. సోమ, శనివారాల్లో సంతోష దేవరహస్యాలు. మంగళ, శుక్రవారాల్లో దుఃఖ దేవరహస్యాలు. బుధ, ఆదివారాల్లో మహిమ దేవరహస్యాలు. చాలా కాలం ఈ పదిహేనే ఉండేవి. అయితే సంతోష దేవరహస్యాలు పన్నెండేళ్ళ బాలయేసు దేవాలయంలో కనబడటంతో ముగుస్తాయి. దుఃఖ దేవరహస్యాలు నేరుగా గెత్సేమనిలో మొదలవుతాయి. మధ్యలో ఆయన బోధించిన కాలం కనబడదు. 2002 అక్టోబరు 16న రెండవ జాన్ పాల్ పాపు గారు గురువారం కోసం వెలుగు దేవరహస్యాలు ఇచ్చారు. యోర్దానులో జ్ఞానస్నానం, కానా పెండ్లి, దైవరాజ్య ప్రకటన, రూపాంతరం, దివ్యసత్ప్రసాద స్థాపన. ఇప్పుడు మొత్తం ఇరవై. మంగళవార్త నుంచి మహిమ వరకు సువార్త అంతా మన వేళ్ళ మీదే ఉంది.

ఇప్పుడు అసలు విషయం. ఒక చెల్లెలు నన్ను అడిగింది. "అన్నా, అక్టోబరు నెలంతా జపమాల చెప్పాను. ఉద్యోగం రాలేదు. ఇంట్లో అప్పు అట్నే ఉంది. ఇంకెందుకు చెప్పాలి?" అని. నేను ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చేస్తుందని చెప్పలేదు. అట్లా మాట ఇవ్వడానికి నేనెవరిని? మొదటి దుఃఖ దేవరహస్యం ఒక్కటే చెప్పమన్నాను. ఆ తోపులో యేసయ్య ఆ గిన్నె తొలగిపోవాలనే అడిగాడు. తొలగలేదు. స్నేహితులు నిద్రపోయారు. అయినా తండ్రితో మాట్లాడటం మానలేదు. లూకా ఇంకో మాట రాశాడు: ఒక దూత వచ్చి ఆయనను బలపరిచాడని. గిన్నె పోలేదు గానీ తాగే బలం వచ్చింది. "నీ పక్కన కూర్చున్నది నీలాగే అడిగి, నీలాగే ఎదురుచూసిన ప్రభువమ్మా" అన్నాను. జపమాల మన పని అయ్యేదాకా నొక్కే బటన్ కాదు. మన బాధని ఆయన జీవితం పక్కన పెట్టి చూసుకోవడం.

సరే, ఎట్లా మొదలుపెట్టాలి? ఐదు రహస్యాలకి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. మీరు వింజమూరులో బస్సెక్కితే ఆత్మకూరు వచ్చేలోపే అయిపోతుంది. అంత వీలు లేదా? ఒక్క రహస్యం చాలు, నాలుగు నిమిషాలు. ముందు ఆ ఘట్టం సువార్తలో చదవండి, ఫోన్లోనే చదవొచ్చు. తర్వాత ఫోన్ బోర్లా పెట్టండి. పరలోక జపం చెప్పి, పది పూసలు మెల్లగా తిప్పండి. మీరు కూడా అక్కడే నిలబడి ఉన్నారనుకోండి. కానా పెండ్లి అయితే బానల్లో నీళ్ళు పోసే పనివాళ్ళలో ఒకరు మీరు. సిలువ మార్గమైతే ఆ బరువుకి భుజం ఇచ్చిన సీమోను పక్కన మీరు. మనసు పక్కకి పోతే కంగారు పడొద్దు. తర్వాతి పూస దగ్గర మళ్ళీ యేసు అనే పేరు వస్తుంది, అక్కడ పట్టుకోండి. చివర త్రిత్వ స్తోత్రం చెప్పి, "ప్రభువా, ఈ రోజు నేనేం చేయాలి?" అని ఒక్క మాట అడగండి.

ఈ వారం ఒక్క పని చేద్దాం. రోజుకొక్క రహస్యం. ఇంట్లో అమ్మనో, తాతనో పిలిచి కలిసి చెప్పండి. బెంగళూరులోనో, హైదరాబాదులోనో ఉంటే ఫోన్ చేసి వాళ్ళతో పాటే చెప్పండి.

ఇప్పుడు కళ్ళు మూసుకుందాం. యేసయ్యా, ఉద్యోగం కోసం, ఆరోగ్యం కోసం ఎదురుచూస్తూ అలసిపోయిన మా తమ్ముళ్ళ, చెల్లెళ్ళ పక్కన ఉండండి. మరియమ్మ తల్లీ, నీ కుమారుణ్ణి నీ కళ్ళతో చూడటం మాకు నేర్పించు. ఆమెన్.

ఈ మాటలు మీకు ఉపయోగపడితే, జపమాల మానేసిన ఒక్క స్నేహితుడికైనా పంపించండి. మళ్ళీ కలుద్దాం. ఆవే మరియా!