ఇరవై జన్యువుల పట్టు

ఈరోజు పట్టాలు అందుకుంటున్న జీవశాస్త్ర విద్యార్థులారా! "తేడా కనిపించలేదు" అని ప్రయోగశాల పుస్తకంలో మీరు ఎన్నిసార్లు రాసి ఉంటారో! ఆ మాట మీదే నాలుగు మాటలు చెబుతాను, ఒక ఈస్ట్‌ను సాక్షిగా పెట్టుకొని. దాని పేరు క్యాండిడా గ్లాబ్రాటా. పేరులో క్యాండిడా ఉన్నా, రొట్టెను పొంగించే ఈస్ట్‌కే ఇది దగ్గరి చుట్టం. చాలామంది నోట్లో, పేగుల్లో చడీచప్పుడు లేకుండా బతుకుతుంది. రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారిలో రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. చేలో నడిస్తే పంచె అంచును పట్టుకునే ఉత్తరేణి గింజలాగా, ఇది మన కణాల మీది చక్కెర గొలుసులను పట్టుకుంటుంది. ఆ పట్టు ఈపీఏ కుటుంబపు ప్రొటీన్లది. ఆ జన్యువులు ఇరవై దాకా ఉంటాయి, వాటిలో ఎక్కువ క్రోమోజోముల కొసల దగ్గరే.

1999లో శాస్త్రవేత్త బ్రెండన్ కార్మాక్ బృందం ఈపీఏ1 జన్యువును తొలగించి చూసింది. ప్రయోగశాలలో పెంచిన మానవ కణాలకు ఈస్ట్ అంటుకోవడం దాదాపు ఆగిపోయింది. ఎలుకల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ ఫలితాన్ని చూసి ఆ ప్రొటీన్‌కు రోగంతో సంబంధం లేదని తేల్చేయడం ఎంత తేలికో చూడండి. కాని ఈపీఏ కుటుంబంలోని మిగతావి కొసల దగ్గర నోరు మూసుకొని ఉన్నాయి. వాటి నోరు నొక్కి ఉంచేది సర్ ప్రొటీన్ల బృందం. అందులో సర్2 పనిచేయాలంటే ఎన్‌ఏడీ అనే అణువు కావాలి. ఈ ఈస్ట్ దాన్ని మొదటి మెట్టు నుంచి సొంతంగా తయారుచేసుకోలేదు, నియాసిన్ విటమిన్ బయటినుంచి అందాల్సిందే. ఇది మూత్రాశయానికి కూడా సోకుతుంది, అక్కడి మూత్రంలో ఆ విటమిన్ తక్కువ. అది అందక సర్2 నీరసించగానే ఈపీఏ6 మేల్కొంటుంది. ఈ సంగతి 2005లో తేలింది. పోషకాలు పుష్కలంగా ఉన్న పళ్లెంలో వెతికినంతకాలం అది కనిపించే వీలే లేదు.

ఇదంతా ఒకటి పోతే మరొకటి ఉండాలని దాచుకున్న నకళ్ల కథే కదా అని మీరు అడగవచ్చు. కొంతవరకు నిజమే. కాని ఈపీఏ1, 6, 7 ఒకే చక్కెరను ఒకే తీరున పట్టుకోవు. మేల్కొనే సందర్భాలూ వేరు. కాబట్టి ఇవి అచ్చంగా నకళ్లు కావు, వేర్వేరు చోట్లకు సిద్ధంగా ఉన్న పనిముట్లు. శిలీంధ్రాన్ని చంపే మందులుండగా అంటుకోవడం గురించి ఇంత ఆలోచన దేనికన్నది ఇంకో ప్రశ్న. క్యాథెటర్ మీద పొరకట్టి కూర్చున్న ఈస్ట్‌కు మందు సరిగా ఎక్కదు. ఆ పొరకు మొదటి అడుగు అంటుకోవడమే. అలాగని అంటుకునే ప్రొటీన్ల మీదే టీకా చేద్దామంటే, ఇన్ని రూపాలున్న లక్ష్యం మీద అది ఎలా నిలుస్తుందన్న సందేహం బలమైనదే. అయినా, మరో ఈస్ట్ క్యాండిడా ఆల్బికన్స్‌లో అంటుకునే పనిచేసే ఏఎల్‌ఎస్ కుటుంబం నుంచి ఒక్క ఏఎల్‌ఎస్3 ప్రొటీన్ ముక్కను తీసుకొని చేసిన టీకా మనుషుల మీద పరీక్షల దాకా వెళ్లింది. పదేపదే యోని ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో, నలభై ఏళ్లలోపువారికి మేలు జరిగిన సూచనలు 2018లో ప్రచురితమయ్యాయి. అందరికీ పనిచేయలేదు. మిగిలినవారి దగ్గర ఆల్బికన్స్ ఏ జన్యువును మేల్కొల్పిందో, ఏ పోషకం కరువై మేల్కొల్పిందో వెతికే పని మీకోసం ఉంది.