నడక నుండి పుట్టిన పాట

పాటకు మాటయే ప్రాణమని మనము సాధారణముగ తలచుచుందుము. మాటకంటె ముందు మనిషి నడకయే పలికిన సినిమాపాట యొకదానిని గూర్చి నేడు ముచ్చటింతము. అమెరికాలోని నల్లజాతివారి ప్రార్థనాగీతములనుండియు, బ్లూస్ గానమునుండియు పుట్టిన 'సోల్' సంగీతమున అది సుప్రసిద్ధము. 1971 లో వెలువడిన 'షాఫ్ట్' చిత్రమునకు ఐజాక్ హేస్ కూర్చిన ముఖ్యగీతమది.

హేస్ 1942 లో టెనెసీ రాష్ట్రమున జన్మించి, తాత, అమ్మమ్మల పెంపకమున పెరిగెను. బాల్యమున పత్తిచేలలో పనిచేసెను. పిదప మెంఫిస్ నగరమందలి స్టాక్స్ రికార్డుల సంస్థలో వాద్యకారుడుగను, పాటల రచయితగను పేరొందెను. 1968 లో ఆ నగరముననే మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు గురియయ్యెను. ఆ దుఃఖమున దాదాపు ఏడాదికాలము తానేమియు కూర్చలేకపోయితినని హేస్ తరువాత చెప్పుకొనెను.

చిత్రదర్శకుడు గోర్డన్ పార్క్స్ ఆయనను కోరినది ఇది: కథానాయకుడు నిలకడ యెరుగనివాడు, వెనుదీయనివాడు, ఆ స్వభావము సంగీతమున వినబడవలెను. చిత్రారంభమున షాఫ్ట్ పాత్రధారి రిచర్డ్ రౌండ్‌ట్రీ భూగర్భ రైలు మార్గమునుండి పైకి వచ్చి, న్యూయార్కు వీధులలో వాహనములను లెక్కచేయక నడచిపోవును. నల్లవాడు ఒదిగియుండు పాత్రలనే విశేషముగ చూపిన హాలీవుడ్ తెరపై ఆ నడక క్రొత్తది.

ఆ నడకకు ముందుగా లయ యేర్పడెను. డ్రమ్ము వాద్యకారుడు విల్లీ హాల్ హై-హ్యాట్ అను జంట తాళములపై అక్షరకాలమునకు నాలుగేసి దెబ్బలు ఎడతెగక వేసెను. మన పరిభాషలో చతురశ్ర గతి యన్నమాట. దానిపై చార్లెస్ పిట్స్ గిటారు చేరెను. కాలితో తొక్కెడి వా-వా పెడలుచేత ఆ తీగనాదము నోరు తెరచి మూయుచున్నట్లు మారుచుండును. హేసుకు స్వరలిపి వ్రాయు అలవాటు లేదు. వయొలిన్లకు, ఇత్తడి వాద్యములకు వలసిన కూర్పులో జానీ ఆలెన్ తోడ్పడెను.

నాలుగున్నర నిమిషములకు మించిన ఈ పాటలో, రెండున్నర నిమిషములు గడచినగాని గాత్రము వినబడదు. పిమ్మట హేస్ పాడుటకంటె పలుకుటయే యెక్కువ. బుర్రకథలో కథకునికి వంతలు బదులు పలికినట్లు స్త్రీల బృందము ఆయనకు బదులు పలుకును. అప్పటికే ఆ మనిషి యెవరో వాద్యములు మనకు తెలిపియుండును.

1972 ఏప్రిలులో ఈ గీతమునకు ఆస్కారు లభించెను. ఉత్తమ గీతమునకు ఆ బహుమానమందిన తొలి నల్లజాతీయుడు హేసే. ఆ సభకు తన అమ్మమ్మను వెంటబెట్టుకొని వచ్చి, బహుమానమును అందుకొనుచు ఆమెకు కృతజ్ఞత తెలిపెను. ఈ పాట వినునపుడు మొదట జంట తాళములపై చెవి నిలుపుడు. ఎవరికిని తలవంచక సాగిపోవు అడుగులు వినవచ్చును.