చెవి తమ్మె మోసిన బరువు



మాకు నగలను చూడటం నేర్పిన మాస్టారు ఏ నగ గురించి రాసినా ముందు బొమ్మ గీసేవారు, దాని పక్కన తూకం వేసేవారు. ఎంత బరువుంది, ఆ బరువు ఒంట్లో ఎక్కడ పడుతోంది అన్నది తేలేదాకా అందం మాట ఎత్తేవారు కాదు. చెవి నగల విషయంలో అంతకు మించిన ప్రశ్న లేదని నా నమ్మకం. గాజును మణికట్టు మోస్తుంది, హారాన్ని మెడ మోస్తుంది, కడియాన్ని చీలమండ మోస్తుంది. అక్కడ ఎముక ఆసరా ఉంది. తమ్మెలో ఎముక లేదు, చెవి పైభాగంలో ఉండే మృదులాస్థి కూడా లేదు. కాస్త కొవ్వు, చర్మం, మధ్యలో ఒక బెజ్జం, అంతే. రెండు వేల ఏళ్లుగా మన కంసాలులు ఈ మెత్తని చోట బంగారాన్ని నిలబెట్టడానికి తంటాలు పడుతూనే ఉన్నారు. ఈ రోజు ఏ వేడుకకు ఏ కమ్మలు పెట్టుకోవాలన్న ఆలోచన కూడా అక్కడి నుంచే మొదలవ్వాలని చెప్పడానికే ఈ సభకు వచ్చాను.

హరప్పా, మౌర్యుల కాలపు చెవి నగల సంగతులు మీకు తెలిసినవే. నా ఉద్యోగ జీవితమంతా కృష్ణా లోయలోనే గడిచింది కాబట్టి నేరుగా అక్కడికి వెళ్తాను.

జగ్గయ్యపేట స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన చక్రవర్తి ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. చక్రవర్తి చెయ్యెత్తి నిలబడ్డాడు, మేఘాల నుంచి చదరపు నాణేలు రాలుతున్నాయి, చుట్టూ రాణి, ఏనుగు, గుర్రం, చక్రం. అందరూ ఆ నాణేల దగ్గరే ఆగిపోతారు. మాస్టారు మాత్రం మమ్మల్ని చక్రవర్తి చెవి దగ్గర ఆపారు. తమ్మె సాగి కిందికి జారింది, దానికి దిమ్మెలాంటి ఒక పెద్ద నగ పట్టుకుని ఉంది. అది నిజంగా ఎవరైనా పెట్టుకున్నదేనా, లేక రాజు గొప్ప చూపించడానికి శిల్పి పెంచి చెక్కినదా? చాలాకాలం దీనికి జవాబు లేదు.

జవాబు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అక్కడ క్రీస్తుపూర్వం 1వ శతాబ్దపు బంగారు చెవి నగల జత ఒకటుంది. బహుశా ఆంధ్రదేశానిదే అని మ్యూజియం వారే రాశారు. ఆ రూపం మన జగ్గయ్యపేట చక్రవర్తి చెవిలో ఉన్న రూపమే. మధ్యలో జంట కాడల తీగ, ఆ తీగ నుంచి రెండు వైపులా పలకలు తీరిన రెండు మొగ్గలు. మొగ్గ మీద రెక్కల సింహం, ఏనుగు. జంతువుల ఒళ్లంతా ఆవగింజలో వెయ్యో వంతు అనిపించే బంగారు రవ్వలతో కప్పారు. తీగ ముక్కలు, రేకు తునకలు ఒక్కొక్కటీ విడిగా సాగగొట్టి అతికారు. ఇంకో విశేషం ఏమిటంటే, ఆ రెండూ అచ్చంగా జత కావు. అడుగు భాగం భుజానికి దగ్గరగా ఉంటుంది కదా, ఎదుటివారికి కనిపించదు. ఆ కనిపించని చోట ఒకదానికి పూర్ణకుంభం లాంటి అలంకారం, రెండోదానికి ఆకుల అల్లిక.

అంత నగ మోయాలంటే తమ్మె బెజ్జాన్ని చిన్నప్పటి నుంచీ సాగదీస్తూ రావాలి. పుల్ల, ఆ తర్వాత లావు పుల్ల, ఆ తర్వాత చుట్టిన ఆకు. సాగిన తమ్మె మళ్లీ దగ్గరకు రాదు. అందుకే నగలన్నీ వదిలేసి వెళ్లిన సిద్ధార్థుడి చెవులు అమరావతి బుద్ధమూర్తుల్లో పొడుగ్గా, ఖాళీగా ఉంటాయి. నగ లేకపోయినా నగ మోసిన గుర్తు మిగిలింది. అమరావతి, నాగార్జునకొండ ఫలకాల్లో ఈ కంటితో చూడటం మొదలుపెడితే సభ తీరు, అంతఃపురం తీరు, నాట్యం తీరు వేరువేరుగా తెలుస్తాయి. సింహాసనం మీద కూర్చున్నవాడికి బరువైన నగ చెల్లుతుంది, ఎందుకంటే అతను కదలడు. నర్తకి కదులుతుంది. కదిలే చెవికి అంత బరువు వేస్తే తమ్మె చీలుతుంది. సందర్భానికి తగిన నగ అన్న మాటకు ఇంతకన్నా పాత ఆధారం నాకు తెలియదు.

ఇక్కడ ఒక వాదం గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను, సమయం కాస్త పట్టినా సరే. దక్షిణాదిన చెవికి వేలాడే నగ సుల్తానుల కాలంలో, ఉత్తరాది దర్బారుల నుంచి వచ్చిందని ఒక వర్గం పండితులు ఇప్పటికీ రాస్తున్నారు. అంతకు ముందు మనవాళ్లు బెజ్జంలో బిగించే చుట్టలు, బిళ్లలు మాత్రమే పెట్టుకున్నారట. జుంకా, చాంద్‌బాలీ అన్న పేర్లు వాళ్ల ముఖ్య సాక్ష్యం. పేరు ఎటునుంచి వచ్చిందో నగ కూడా అటునుంచే వచ్చిందని అనుకోవడం తొందరపాటు. నగను నగగానే చూడాలి. మకరకుండలాలు ఏమిటి మరి? చోళుల కంచు నటరాజుకు ఒక చెవిన మకరకుండలం, రెండో చెవిన పత్రకుండలం. ఆ మకరం బెజ్జంలో బిగించింది కాదు, తమ్మె నుంచి దిగి వేలాడుతోంది. ఈ కంచు విగ్రహాలు గోల్కొండ సుల్తానులకు 400 ఏళ్లకు పైగా ముందువి.

దీనికి ఎదుటి వర్గం కూడా అంతే తప్పు చేస్తోంది. అంతా గుడి నుంచే పుట్టింది, గోపురాన్ని చూసి బుట్టకమ్మ చేశారు, బయటివాళ్ల దగ్గర నేర్చుకున్నదేమీ లేదు అంటారు వాళ్లు. ఈ మాట వినడానికి హాయిగా ఉంటుంది. కానీ హైదరాబాదు ఇళ్లలోని పాత జుంకాలను, చాంద్‌బాలీలను చేతిలోకి తీసుకున్నవారెవరూ అలా అనలేరు. నెలవంక ఆకారం, అంచున ముత్యాల కుచ్చు, వెనుక మీనాకారీ పని, వీటిలో దర్బారు చెయ్యి స్పష్టంగా ఉంది. నిజాం నగల్లో 173 వస్తువులను 1995లో కేంద్ర ప్రభుత్వం 218 కోట్లకు కొన్నది. సాలార్‌జంగ్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించినప్పుడు చూసినవారికి ఈ సంగతి తెలుసు. వేలాడే నగ మనకు ముందే ఉంది, దాన్ని కొత్తగా తీర్చే పద్ధతులు దర్బారు నుంచి వచ్చి కలిశాయి. రెండు వర్గాలవారూ నగను ముందు నుంచే చూస్తారు. తిప్పి వెనక చూస్తే గొడవ సగం తీరుతుంది. బరువును ఎలా మోయించారన్నది వెనక ఉంటుంది.

ఆ వెనక చూడండి. బుట్టలకు మనం మాటీలు పెడతాం. చెవి వెనక నుంచి మొదలై చెంప పైనుంచి జుట్టులోకి వెళ్లి కొక్కేనికి తగిలే సన్నని గొలుసు అది. హైదరాబాదు ముస్లిం ఇళ్లలో ముత్యాల పేటతో అదే పని చేసేదాన్ని సహారా అంటారు. ఆదిలాబాదు నుంచి నల్గొండ దాకా లంబాడా స్త్రీలు చెంపల పక్కన వేలాడదీసే వెండి గుగ్రీ టోప్లీలు అసలు చెవికే తగిలించరు, జుట్టుకు కడతారు. మూడు సమాజాలు, మూడు రకాల పనితనం. తమ్మె మోయలేనిదాన్ని తలకట్టు మీదికి మళ్లించడం మాత్రం మూడింటిలోనూ ఉంది. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారని కొట్టుకునేవారికి నేను చూపించేది ఇదే.

మధ్యయుగం గురించి ఎక్కువ చెప్పను. తూర్పు చాళుక్యుల శిల్పాల చెవి నగల్లో నాకు కొత్తదనం కనబడలేదు. కాకతీయుల నాడు, 1213 నాటి రామప్ప గుడి చూరు కింద నల్లరాతి మదనికలున్నారు, వాళ్ల నగల మీద ఇప్పటికే చాలా పుస్తకాలు వచ్చాయి. విజయనగర కాలానికి లేపాక్షి మండపం కప్పు మీది చిత్రాలు చాలు, మగవారు కూడా చెవి నగలతో కనిపిస్తారు.

బుట్ట తయారీ మాత్రం చెప్పాలి. బంగారం అదే పరిమాణంలో ఉన్న వెండికన్నా దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది. గట్టి బంగారంతో జామకాయంత నగ చేస్తే చెవి తెగిపోతుంది. అందుకే బుట్ట లోపల డొల్ల. కంసాలి బంగారాన్ని దాగలి మీద సాగగొట్టి పలచని రేకు చేస్తాడు, గుంట అచ్చులో పెట్టి మెల్లగా కొట్టి గిన్నెలా వంచుతాడు. కమ్మచ్చులో లాగిన తీగను మెలిపెట్టి అంచున చుడతాడు. వెలిగారం రాసి, ఊదుగొట్టంతో మంటను అతుకు మీదికే తోలుతాడు. ఒక్క క్షణం ఎక్కువైతే రేకు కరిగి ముద్దవుతుంది. చివర చింతపండు నీళ్లలో ఉడికించి కుంకుడు రసంతో తోముతాడు. పైన దిద్దు వెడల్పుగా ఉండటానికీ కారణం ఉంది. వెనక మర బిగించినప్పుడు ఆ వెడల్పు తమ్మెకు ఆనుకుని, బుట్ట ముందుకు వాలకుండా పట్టి ఉంచుతుంది. చిన్న దిద్దుకు పెద్ద బుట్ట తగిలిస్తే నగ నేల చూపు చూస్తుంది, బెజ్జం కిందికి సాగుతుంది.

సమయం అయిపోవచ్చిందని చీటీ వచ్చింది. మిగతాది తొందరగా చెప్పేస్తాను. 1963 జనవరిలో వచ్చిన బంగారం నియంత్రణ నిబంధనలతో కొత్త నగల్లో బంగారం 14 క్యారెట్లకు మించకూడదన్నారు. ఎన్నో కంసాలి ఇళ్లలో కుంపటి ఆరిపోయింది. 1968లో చట్టం, 1990లో దాని రద్దు. ఈలోగా మచిలీపట్నం పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ ఇంటింటికీ చేరింది. పెళ్లికి వెళ్లే ఆడపిల్లకు పెద్ద బుట్టలు పెట్టుకునే వీలు ఇచ్చింది ఆ ఊరి ఆడవాళ్ల చేతులే, దాన్ని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. 2021 నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి, 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య లేనిదే అమ్మకూడదు. రెండు గ్రాముల లోపు నగలకు ఇది వర్తించదు. పసిపిల్లల పోగులు, చిన్న దిద్దులు ఎక్కువగా ఆ కోవలోకే వస్తాయి కాబట్టి అవి కొనేటప్పుడు తెలిసిన దుకాణానికే వెళ్లండి.

ఇక సందర్భాలు. పెళ్లికూతురు గంటల తరబడి పీటల మీద ఉంటుంది. బుట్టలు పెద్దవైతే మాటీలు అలంకారం కోసం కాక నిజంగా బరువు మోసేలా, జుట్టులో గట్టిగా దోపాలి. మాటీ వదులుగా ఉంటే పెట్టిన లాభం లేదు. మెడలో కాసులపేరు, హారం ఉంటే చెవికి పొట్టి బుట్ట చాలు. మెడ బోసిగా ఉంచి, కొప్పు చుట్టుకుంటే అప్పుడు పొడుగాటి లోలాకులు నిండుగా ఉంటాయి. జుట్టు వదిలేస్తే కొక్కెం ఉన్నవి చిక్కుకుంటాయి, మర ఉన్నవే మేలు. కూచిపూడి ఆడేవారు నాగర్‌కోయిల్ దగ్గరి వడశేరి కెంపురాళ్ల నగలు పెట్టుకుంటారు కదా, వాటికి మర, మాటీ, లోపల దారపు కట్టు మూడూ ఉండాలి. బతుకమ్మ ఆడేటప్పుడు వంగి లేస్తారు, అక్కడ గజ్జెలున్న తేలిక బుట్ట హాయి. ఆఫీసుకు, హెల్మెట్ పెట్టుకుని బండి నడిపేవారికి దవడ దాటని లోలాకులు చాలు. చంకన పసిబిడ్డ ఉన్న తల్లి వేలాడేవి తీసేయడమే మంచిది. చౌక లోహంలో నికెల్ ఉంటే కొందరికి తమ్మె దురదపెట్టి రసి కారుతుంది, అలాంటివారు కాడ మాత్రమైనా బంగారంతో గానీ టైటానియంతో గానీ చేయించుకోవాలి. వయసు మీద పడి బెజ్జం గీతలా సాగినవారు పెద్ద బుట్టల ఆశ వదులుకోనక్కర్లేదు, స్థానికంగా మత్తు ఇచ్చి కుట్టే చిన్న శస్త్రచికిత్స ఉంది. అది మానాక డాక్టరు చెప్పినన్నాళ్లు ఆగి, పక్కన కొత్త బెజ్జం వేయించుకోవచ్చు.

ఒక విన్నపం. మీ ఇళ్లలో అమ్మమ్మల, నాయనమ్మల బుట్టలు, గంటీలు, మాటీలు ఉంటాయి. కూతురి పెళ్లికి వాటిని కరిగించక తప్పదేమో, అది మీ ఇష్టం. కంసాలి చేతికి ఇచ్చే ముందు మాత్రం తూకం వేయించి, ముందూ వెనకా ఫోటో తీసి, ఎవరిదో ఏ ఊరిదో కాగితం మీద రాసి మాకు పంపండి. మాస్టారి నోటుపుస్తకాల్లో ఇంకా ఖాళీ పేజీలున్నాయి, వాటిలో ఎక్కిస్తాం.